క్రొత్త దేశపు కొలువుకు కావలసిన అర్హతలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగ శ్రవణము ముగించినారు. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని మనమందరము వ్రేళ్ళు మడిచి లెక్క పెట్టుకొన్నాము. ఆదాయము 2, వ్యయము 14 అని విన్నవారి మొగములు కొంచెము వాడినవి కూడ. గ్రహముల సంగతి పంతులుగారికే వదలుదాము. కాని పని కొరకు పరదేశము పోదలచినవాడు ఈ నాలుగు లెక్కలను విమానము ఎక్కక ముందే చాలవరకు తానే వేసికొనవచ్చును. ఆ మాట చెప్పుటకే మేము లేచినాము.

మేము అనగా పండితులము కాము, అధికారులము కాము. ఫోరస్ రోడ్డు చాళీలలో ఇరుగుపొరుగువారి దరఖాస్తులు నింపుచు, ఊరి నుండి వచ్చిన ఉత్తరములు చదివి పెట్టుచు తల నెరసిన నలుగురైదుగురము. "కాకా, ఈ కాగితమేమిటో చూడరాదే" అని వచ్చిన పిల్లలకు మాకు తెలిసినంతలో చెప్పుచు వచ్చినాము. ఒకసారి తప్పు చెప్పినాము. ఆ సంగతిని కూడ దాచక మనవి చేసెదము.

ముందుగా మన పూర్వుల అర్హతలను తలచుకొందము. 1784 ప్రాంతమున హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట పూర్తియై సముద్రపు నీరు లోనికి రాకుండ ఆగిన తరువాత, ఇచటి బురదనేలలు క్రమముగా మెరక యైనవి. నైజాము తెలుగు జిల్లాల నుండి రాళ్ళెత్తు కూలీలు వచ్చి ఈ నేల మీద గుడిసెలు వేసికొన్నారు. వారిని కామాఠీలన్నారు, వారున్న పేట కామాఠీపుర మైనది. ఫోరస్ అను మాటయు పరదేశపుదే. భూమికి చెల్లించు శిస్తును పోర్చుగీసువారు ఫోరో అనెడివారు. ఆ మాట నేలకు, నేల మీది బాటకు అంటుకొన్నది. ఇప్పుడు బోర్డు మీద ఆర్. ఎస్. నిమ్కర్ మార్గ్ అని ఉన్నను మన నోట అది ఫోరస్ రోడ్డే.

ఆ కామాఠీని ఎవరును సర్టిఫికెటు అడుగలేదు. తట్ట ఎత్తగలడా, ఎండకు నిలువగలడా అని మేస్త్రీ చూచినాడు. అంతటితో పరీక్ష ముగిసినది. తరువాత మిల్లులు వచ్చినవి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వైపుల నుండి పద్మశాలీలు వచ్చి మగ్గముల మీద నిలిచినారు. వారికి చేతి పనియు, జాబరు వద్ద తెలిసినవాని మాటయు చాలినవి. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయటికి వచ్చినారు. అనేకులకు మరల లోనికి పోవు భాగ్యము లేకపోయినది. ఆ యిండ్ల పిల్లలు హోటళ్ళలో, దుకాణములలో, ఆఫీసుల గుమ్మముల వద్ద పని వెదకుకొన్నారు.

1973లో చమురు ధర పెరిగిన పిమ్మట అరబ్బు దేశములలో పనులు విస్తరించినవి. అప్పటి ఏజెంట్లలో చాలమంది బొంబాయిలోనే ఉండిరి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల నుండి వచ్చిన మనవారు వీసా వచ్చువరకు మన ఖోలీలలోనే తల దాచుకొన్నారు. ఒక్కొక్క ఖోలీలో పదిమంది, పండ్రెండుమంది. పగటి పాళీ వాడు లేచిన చాప మీద రాత్రి పాళీ వాడు పండుకొనెడివాడు. 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరచిన తరువాత చాలమంది హైదరాబాదు నుండియే పోవుచున్నారు. అయినను ఇంటర్వ్యూ అనియో, ట్రేడ్ టెస్టు అనియో పెట్టె పట్టుకొని మన మెట్లెక్కువారు నేటికిని కొందరున్నారు.

ఇపుడు అసలు విషయమునకు వత్తుము. తాతలు చేసిన కూలి పనికిని, నేటి పిల్లలు కోరు సేవల పనికిని భేదమున్నది. ఇటుక మోయువానితో ఇటుక మాట్లాడదు. హోటలులో వడ్డించువాడు, దుకాణములో బిల్లు వేయువాడు, గేటు వద్ద కాపలా ఉండువాడు, బండి నడుపువాడు, రోగికి సేవ చేయు నర్సు, ఇంటిపని చేయు స్త్రీ—వీరందరు మనుష్యుల ఎదుట నిలిచి పని చేయవలెను. కావున భుజబలము ఒక్కటే చాలదు. చదువు, ఆరోగ్యము, భాష, పనితనము, ఆ దేశపు లైసెన్సు, ఒప్పందపు కాగితము—ఈ ఆరును కావలెను. ఒక్కొక్కటి చెప్పెదము.

మొదటిది చదువు. పదవ తరగతి ప్యాసు కావలెనని మేము పిల్లలను వేధించుట పరువు కొరకు మాత్రమే కాదు. పదవ తరగతి గట్టెక్కనివారికి సాధారణముగా ఇచ్చు పాసుపోర్టును ఈసీఆర్ పాసుపోర్టు అందురు. 1983 నాటి వలస చట్టము ప్రకారము అట్టివారు గల్ఫు దేశములతో సహా 18 దేశములకు పనికి పోవుటకు వలస సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఈ కట్టుబాటు నిరుపేదను, చదువురానివానిని కాపాడుటకు పెట్టినది. కాని దీనిని తప్పించుటకే దళారులు పర్యాటకుని వీసా మీద పంపుదురు. విహారమునకు పోవువానికి ఆ అనుమతి అక్కరలేదు గదా! అచట దిగిన తరువాత వాడు విహారియు కాడు, చట్టము దృష్టిలో కార్మికుడును కాడు.

చదువుతో పాటు పేరు సంగతి ఒకటున్నది. ఇది మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు. ఊరి బడిలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ముంబయి బడిలో పేరు ముందు, తండ్రి పేరు నడుమ, ఇంటిపేరు చివర. ఆధారు కార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరము. పాసుపోర్టులో అది పూర్తిగా ఉండును. ఇంగ్లీషులో ఒకచోట "లక్ష్మి" చివర ఒక అక్షరము, మరియొకచోట రెండక్షరములు. ఇంటిలో నవ్వుకొనుటకు ఇది బాగుగనే ఉండును. పరదేశపు ఆఫీసులో నలుగురు వేరువేరు మనుష్యులైపోవుదురు. బిడ్డ పదవ తరగతి పరీక్షకు పేరు వ్రాయించునాడే అన్ని కాగితములను ఎదుట పెట్టుకొని అక్షరములు ఒకటిగా చేయించుడు. ఇరువది ఏండ్ల తరువాత దిద్దించుటకన్న అది వేయిరెట్లు సులభము.

విలాసము గూర్చియు ఒక మాట. కామాఠీపుర, ఫోరస్ రోడ్డు అని వ్రాసిన ఇతరులు మొగము చిట్లింతురని మన పిల్లలు "ముంబయి సెంట్రల్" అని మాత్రము వ్రాయుట చూచినాము. వారి సంకోచము మాకు తెలియును. కాని పోలీసు విచారణకు వచ్చువాడు కాగితము మీది గుమ్మమునే వెదకును. ఈ వీధిలో మన ఆడవారు బీడీలు చుట్టి, అన్నము వండి పెట్టి, నాలుగిండ్ల అంట్లు తోమి బిడ్డలను పెంచినారు. ఉన్న విలాసము ఉన్నట్టు వ్రాయుడు. దానిలో సిగ్గుపడవలసిన దేదియు లేదు.

రెండవది ఆరోగ్యము. గల్ఫు దేశములకు పోవువారికి నిర్ణయింపబడిన కేంద్రములలో వైద్యపరీక్ష జరుగును. రక్తము పరీక్షింతురు, ఛాతీ ఎక్స్‌రే తీయుదురు. క్షయ, కామెర్లు కలిగించు హెపటైటిస్, హెచ్.ఐ.వి. మొదలగు వానిని చూతురు. గాలి వెలుతురు చాలని ఖోలీలలో పెరిగిన మనవారిలో ఎప్పుడో వచ్చి నయమైన క్షయ మచ్చ ఊపిరితిత్తుల మీద నిలిచిపోయినవారు కలరు. ఆ మచ్చ చూచియే పనికిరాడని త్రిప్పి పంపిన సందర్భములున్నవి. కావున ఎవరికైనను పైకము కట్టుటకు ముందే, మన డాక్టరు వద్ద ఆ పరీక్షలు చేయించుకొనుడు. అప్పు చేసి పైకమిచ్చిన తరువాత మచ్చ బయటపడినచో మచ్చయు మిగులును, అప్పును మిగులును.

మూడవది భాష. ఇందులో ఫోరస్ రోడ్డు బిడ్డకు దేవుడు ఒక మేలు చేసినాడు. ఇంటిలో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ—మూడు భాషలు వెల లేకుండ వచ్చినవి. గల్ఫులో హిందీ, ఉర్దూ చాలచోట్ల చెల్లును. కాని హోటలులోను, దుకాణములోను, కాపలా పనిలోను ఇంగ్లీషు లేనివాడు వెనుకనే నిలుచును. పెద్ద ఇంగ్లీషు అక్కరలేదు. వచ్చినవానిని పలుకరించుట, వాడు అడిగినది అర్థము చేసికొనుట, లెక్క చెప్పుట, జరిగినదానిని నాలుగు పంక్తులలో వ్రాయుట—ఇంత వచ్చిన చాలును. నాలుగు అరబ్బీ మాటలు, అంకెలు వచ్చిన మరింత మంచిది.

నాలుగవది పనితనము. "ఏ పనియైనను చేసెదను" అనువాడు మంచివాడే కాని, వానికి ఏ పనియు ఇవ్వబడదు, లేక అందరికన్న తక్కువ పని ఇవ్వబడును. రెండేండ్లు ఒకచోట నిలిచి పని నేర్చుకొనుడు. నేర్చుకొన్నట్లు యజమాని సంతకముతో, తేదీలతో కాగితము తీసికొనుడు. మన పిల్లలు ఈ ఊరిలో హోటలు హోటలుకు మారుచు, పదేండ్లు పని చేసియు ఒక్క కాగితము కూడ లేక నిలుచుట చూచి మాకు కష్టము తోచును. దొంగ అనుభవ పత్రములు అమ్మువారున్నారు. వారి జోలికి పోవలదు. నర్సుల వంటి ఉద్యోగములలో పత్రమును దానినిచ్చిన సంస్థకే పంపి విచారింతురు. అది అబద్ధమని తేలినచో ఆ ఉద్యోగమే కాక తరువాతి ఉద్యోగముల దారియు మూసికొనిపోవును.

ఐదవది ఆ దేశపు లైసెన్సు. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లునని అనుకొనుట పెద్ద పొరపాటు. దుబాయిలో కాపలా పనికి సిరా అను ప్రభుత్వ సంస్థ యున్నది. అది 2016 నాటి చట్టముతో ఏర్పడినది. దాని శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గిన పిమ్మటనే ఆ యూనిఫారము తొడుగవలెను. ఎమిరేట్సులో బండి నడుపుటకు మన లైసెన్సు ఉన్నవాడును అక్కడి పరీక్షకు నిలువవలెను. ఇక్కడ ఎడమ ప్రక్కన నడిపిన చేయి అక్కడ కుడి ప్రక్కకు అలవాటు పడవలెను గదా! అన్నము వండువాడును, వడ్డించువాడును ఆరోగ్యపు కార్డు పొందవలెను, ఆహార శుభ్రత నేర్వవలెను. నర్సులకు గుర్తింపు పొందిన చదువు, అనుభవము, ఆ దేశపు అర్హత పరీక్ష కావలెను. ఈసీఆర్ దేశములకు పోవు నర్సుల నియామకమును 2015లో ప్రభుత్వ సంస్థలకే పరిమితము చేసినారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలున్నవి. ఊరిలో చుట్టములున్నవారు అచట విచారింపవచ్చును.

గల్ఫును దాటి చూచువారికి కూడ ఒక మాట. జపాను 2019లో ప్రత్యేక నైపుణ్య కార్మికుల వీసా పెట్టినది. 2021 జనవరిలో మన దేశముతో అందుకు ఒడంబడిక చేసికొన్నది. వృద్ధుల సేవకు పోవలెనన్న జపాను భాష మొదటి మెట్లు ఎక్కి, పనిలో పరీక్షయు నెగ్గవలెను. జర్మనీలో నర్సు కావలెనన్న జర్మను భాషను గట్టిగా నేర్వవలెను. బ్రిటనులో ముసలివారి సేవకై చాలమంది పోయిరి; 2025 జూలై 22 నుండి బయటి దేశముల నుండి క్రొత్తగా అట్టివారిని తీసికొనుట నిలిపివేసినారు. దీనివలన తెలియునదేమన: నిన్న తెరచియున్న తలుపు నేడు మూయబడవచ్చును. ఒకని అన్న రెండేండ్ల క్రిందట పోయినాడు గనుక తమ్మునికిని అదే దారి యుండునని నమ్మరాదు. పైకము కట్టు నెలలో నియమమేమిటో ఆ నెలలోనే కనుగొనుడు.

ఆరవది ఒప్పందపు కాగితము. మేము చేసిన తప్పు చెప్పెదమన్నాము. అది దీనికి సంబంధించినదే.

2022లో జగిత్యాల వైపు నుండి వచ్చిన ఒక పిల్లవాడు మా చాళీలో ఉండెను. రెండేండ్లు ఇక్కడి హోటలులో వడ్డన పని చేసినాడు, చురుకైనవాడు. ఒక ఏజెంటు వానికి దుబాయి హోటలులో వడ్డన పని, నెలకు 1,500 దిర్హములు అని చెప్పినాడు. ఆ ఏజెంటు మా జిల్లావాడు. మాకు ముఖపరిచయము గలవాడు. పిల్లవాని తండ్రి ఊరి నుండి వచ్చి మమ్ములను అడిగినాడు. "మనవాడే, పంపుము" అన్నాము. వీసా కాగితము మా చేతికి వచ్చినది. అది సందర్శకుని వీసా అని దాని మీద ఇంగ్లీషులో స్పష్టముగా ఉన్నది. మేము చదువలేదు. చదువగలవారమై యుండియు కాగితము మొగము చూడక, ఏజెంటు మొగము చూచినాము.

పిల్లవాడు దిగిన మరునాడే ఎడారి అంచున ఒక క్యాంపులో చేర్చినారు. వడ్డన లేదు, మరుగుదొడ్లు కడుగు పని. ఒప్పందము లేదు. రెండు నెలలు జీతము లేదు. వీసా గడువు దాటినది. పిమ్మట మనవారు ఖల్లివల్లి అని పిలుచుకొను బ్రతుకు—దినమునకొక చోట పని, పోలీసు కనబడిన పరుగు. 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు ఆ దేశము క్షమాభిక్ష ఇచ్చినప్పుడు బయటపడి వచ్చినాడు. మా మెట్లెక్కి వచ్చి, "కాకా, నేను పోయింది హోటలుకు గాదే" అని ఒక్క మాట అన్నాడు. వాని తండ్రి మమ్ములను ఒక్క మాటయు అనలేదు. అనియుండిన కొంత తేలికగా నుండెడిది.

మరుగుదొడ్లు కడుగుటలో అవమానము లేదని ముందుగా చెప్పవలెను. ఆ పనియే అని తెలిసి, సరియైన వీసా మీద, ఒప్పుకొన్న జీతమునకు పోయినవాడు తలయెత్తుకొని తిరుగవచ్చును. ఒక పని చెప్పి మరియొక పనికి దించుటయే అవమానము. అవమానపు అంకె పంచాంగములో ఎంత ఉన్నను, ఆ పిల్లవాని అవమానము మేము చదువని కాగితము మీదనే వ్రాసి యున్నది.

కావున ఏమేమి చూడవలెనో వినుడు. ఏజెంటుకు ప్రభుత్వపు రిజిస్ట్రేషను సంఖ్య ఉన్నదా? ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ జాబితాలో ఆ పేరు, ఆ సంఖ్య ఉన్నవా? వీసా ఉద్యోగపు వీసాయా, సందర్శకునిదా? వీసా మీది పని పేరును, ఒప్పందము మీది పని పేరును ఒకటేనా? మూల జీతమెంత, భత్యమెంత? భోజనము, వసతి ఎవరిది? గంటలెన్ని, సెలవు దినమేది? తిరుగు టిక్కెట్టు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు కాగితము మీద జవాబు లేనిచో నోటి మాటను లెక్కలోనికి తీసికొనవలదు. ఒప్పందపు నకలు ఒకటి ఇంటిలో, ఒకటి ఒంటి మీద ఉండవలెను. "అక్కడికి పోయినాక రాస్తాము" అన్నచో పోవలదు. "ఆజాద్ వీసా, నీ యిష్టము వచ్చిన చోట పని చేసికో" అన్నచో అసలే పోవలదు. ఆ పేరుతో ఏ దేశపు చట్టములోను వీసా లేదు. ఇంకొక సంగతి: కార్మికుని పాసుపోర్టును యజమాని తన బీరువాలో ఉంచుకొనుట ఎమిరేట్సు, ఖతారు, సౌదీ దేశముల నియమములకు విరుద్ధము. చాలచోట్ల ఉంచుకొనుచున్నారు, అంతమాత్రమున అది న్యాయము కాదు.

ఇపుడు ఆదాయ వ్యయముల లెక్క. మన దేశపు నియమముల ప్రకారము రిజిస్టరైన ఏజెంటు కార్మికుని వద్ద తన సేవకు 30,000 రూపాయలును, దాని మీది పన్నును మించి తీసికొనరాదు; రసీదు ఇవ్వవలెను. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టిన, ప్రమాదములో మరణమునకు గాని శాశ్వతమైన అంగవైకల్యమునకు గాని 10 లక్షల బీమా ఉన్నది. ఈసీఆర్ పాసుపోర్టుతో అనుమతి పొందిపోవువారికి ఇది తప్పనిసరి. పర్యాటకుని వీసా మీద పోయినవాడు దీనికి దూరమైపోవును.

కాని మనవారు లక్ష, లక్షన్నర కట్టి పోవుట మనకు తెలియును. ఒక లెక్క వేయుదము. నెలకు 1,000 దిర్హముల జీతము, దిర్హముకు 23 రూపాయలు అనుకొనుడు. 23,000 అయినది. భోజనమునకు, ఫోనుకు 350 దిర్హములు తీసివేయుడు, 14,950 మిగిలినది. ఇంటికి నెలకు 8,000 పంపిన అప్పుకు మిగులునది 6,950. అప్పు లక్షన్నర, వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. మొదటి నెల వడ్డీయే 3,000. ఈ లెక్కన అప్పు తీరుటకు 29 నెలలు పట్టును. ఒప్పందము 24 నెలలకే ముగియును! రెండేండ్లు ఎండలో నిలిచి, తిరిగి వచ్చి, ఇంకను అప్పులోనే ఉండుట. అదే నియమము ప్రకారము పోయి, అన్ని ఖర్చులతో 50,000 అయినదనుకొన్నచో ఎనిమిది నెలలలో అప్పు తీరును. మిగిలిన పదునారు నెలల సంపాదన ఇంటిది. జీతము అదే, దేశము అదే, పని అదే. భేదమంతయు పోకముందు కట్టిన పైకములో ఉన్నది.

అక్కచెల్లెండ్రతో ఒక మాట. ఈసీఆర్ పాసుపోర్టు గల స్త్రీ ఇంటిపనికి గల్ఫు పోవలెనన్న 30 ఏండ్లు నిండియుండవలెను. ప్రభుత్వము నిర్ణయించిన సంస్థల ద్వారానే పోవలెను. ఇది ఆడవారిని అడ్డగించుటయని కొందరందురు. వయసు నిబంధన మంచిదా కాదా అను తర్కము ఉండనిండు. కాని ఫోరస్ రోడ్డు వారమైన మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. ఉద్యోగమిప్పింతునని నమ్మించి, రైలెక్కించి తెచ్చిన ఆడపిల్లల గతి మన గుమ్మముల ఎదుటనే చూచినాము. వారిలో తెలుగు మాటలాడువారును ఉండిరి. మన చిన్నతనములో వారిని చూచి తల త్రిప్పుకొని పొమ్మని పెద్దలు నేర్పినారు. ఆ పిల్లలను తెచ్చినవాడు చెప్పిన మాటయు "మంచి పని ఉన్నది, కాగితములు నేను చూచుకొందును" అనునదే. అందుచేత మన ఆడబిడ్డ ఎచటికి పోయినను, ఆమె కాగితము ఆమెయే చదువవలెను. ఆమె పైకము ఆమె పేరిటి ఖాతాలోనే పడవలెను. ఏ ఇంటిలో, ఏ ఊరిలో, ఎవరి వద్ద పని అను సంగతి ఇంటివారికి వ్రాతమూలముగా తెలిసియుండవలెను.

కష్టము వచ్చినచో మౌనముగా ఉండవలదు. విదేశముననున్న మన రాయబార కార్యాలయములలో కార్మికుల ఫిర్యాదులు వినువారున్నారు. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రము ఉన్నది. 2015 నుండి మదద్ అను ప్రభుత్వ వ్యవస్థలో ఇంటి నుండియే ఫిర్యాదు వ్రాసి, అది ఎంతవరకు నడిచినదో చూచుకొనవచ్చును. అయితే ఈ ద్వారములన్నియు కాగితము చేత ఉన్నవానికి త్వరగా తెరచుకొనును.

చివరకు రాజపూజ్యము. పరదేశములో గిన్నెలు కడిగినను, గేటు వద్ద నిలిచినను గౌరవము తగ్గదని చెప్పినాము. ఆ గౌరవము నిలుచుటకు మన చాళీలలోనే ఒక ఆస్తి యున్నది. దానిని మనము వాడుకొనుట లేదు. ఇరువది ఏండ్లు మస్కటులో వంట చేసి వచ్చినవారు మన మధ్యనున్నారు. దుబాయిలో టాక్సీ నడిపినవారున్నారు. కువైటులో ఇంటిపని చేసి, కొడుకును ఇంజనీరు చేసిన అక్కలున్నారు. వారు తెచ్చిన రేడియోలను, గడియారములను చూచినాము గాని, వారికి తెలిసినదానిని అడుగలేదు. మోసపోయి వచ్చినవారిని మరియు అడుగలేదు. సిగ్గుచేత వారు చెప్పరు, మర్యాద కొలది మనము అడుగము. దానివలన ఒకడు పడిన గుంతలోనే మరియొకడు పడుచున్నాడు.

కావున సంఘము పెద్దల ఎదుట ఒక మనవి. ప్రతి ఆదివారము ఉదయము రెండు గంటల సేపు మన మందిరములో ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేయించుడు. పోదలచినవాడు తన కాగితములన్నియు తెచ్చి ఆ బల్ల మీద పెట్టవలెను. ఇంగ్లీషు వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె పైకి చదువవలెను. ఆ దేశములో పని చేసి వచ్చినవాడొకడు ప్రక్కన కూర్చుండి, "ఈ మాటకు అర్థమిది" అని చెప్పవలెను. పైకము లేదు, సిఫారసు లేదు, "మనవాడే" అను మాట అసలే లేదు. సాయంకాలము వారమునకు రెండు దినములు ఇంగ్లీషు మాటలు నేర్పు తరగతి పెట్టిన మరియు మంచిది. దీనికి పెద్ద చందాలు అక్కరలేదు. ఆ బల్ల వద్ద మొదటి ఆదివారము కూర్చుండుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

జగిత్యాల పిల్లవాడు ఇప్పుడు మరల ఇచటి హోటలులో పని చేయుచున్నాడు. మరల పోవలెనని ఉన్నది వానికి. పోయిన నెలలో క్రొత్త కాగితమొకటి తెచ్చి మా ముందు పెట్టినాడు. ఈసారి మేము కళ్ళద్దములు పెట్టుకొని మొదటి అక్షరము నుండి చివరి ముద్ర వరకు చదివినాము. చదువుటకు ముప్పావు గంట పట్టినది. రెండు ప్రశ్నలకు జవాబు లేదు. వ్రాతమూలముగా తెమ్మని త్రిప్పి పంపినాము. వాడు విసుగుకొనలేదు. కాగితము మడిచి జేబులో పెట్టుకొని, "మల్లొస్త కాకా" అని మెట్లు దిగినాడు.

ఈ సంవత్సరము మీ అందరి ఇండ్లలో ఆదాయము వ్యయమును మించుగాక. మీ బిడ్డలు ఏ దేశమునకు పోయినను తమ పేరు, తమ పని, తమ జీతము స్పష్టముగా వ్రాసియున్న కాగితముతో పోయి, క్షేమముగా తిరిగి వత్తురుగాక.